రెండు తాళంచెవుల ఇల్లు

సోఫాలు కుట్టే షెడ్డులో అందరూ ఆమెను సన్నమ్మ అనేవారు. మనిషి పుల్లలా ఉండేది, చేతిలో ఎప్పుడూ దబ్బనం ఉండేది. ఆ రెంటిలో ఏది సన్నదో చెప్పడం కష్టమని షెడ్డు మేస్త్రీ హాస్యమాడేవాడు. ఆ పేరే ఇంటిదాకా వచ్చింది. మొగుడు కూడా అలాగే పిలిచేవాడు. అతను వ్యాను డ్రైవరు. దుకాణాల నుంచి బల్లలూ మంచాలూ బీరువాలూ ఇళ్ళకు చేర్చడం పని. ఊళ్ళో ఎన్ని గుమ్మాలు దాటాడో లెక్కలేదు, వాటిలో ఒక్కటీ తనది కాదు.

ఉన్న ఇల్లు పడగొట్టి కొత్తది కడతామని ఓనరు చెప్పాక మొగుడూ పెళ్ళాలు వేరే ఇల్లు వెతకడం మొదలుపెట్టారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి అద్దె ఇల్లు వెతికి చూసి ఉండడు. ఒకచోట బాగుందనుకుంటే అద్దె అందలేదు. అద్దె అందిన చోట కిటికీ లేదు. ఒక ఇంటావిడ వెంట వెళ్ళిన వాళ్ళ పాపను ఎగాదిగా చూసి, "గోడల మీద గీస్తుందా?" అని అడిగింది. పాప నిజాయితీగా "గీస్తాను" అంది. అక్కడితో ఆ ఇల్లు పోయింది.

సన్నమ్మ మొగుడికి ఒక అక్క ఉంది. జీవితమంతా అద్దె ఇళ్ళలోనే గడిపి గట్టిపడిన మనిషి. ఫోనులో మరదలికి నూరిపోసింది. "ఇల్లు చూడ్డానికి ఒకసారి కాదు, రెండుసార్లు వెళ్ళు. పొద్దున ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి. కుళాయి తిప్పి చూడు. గోడకి చెయ్యి ఆనించి చూడు, చెమ్మ ఉంటే సున్నం దాచదు. కరెంటు బిల్లు మీద ఎవరి పేరుందో అడుగు. పక్కవాళ్ళతో మాట్లాడు. ఓనరు మొహం చూడకుండా, కాగితం రాసుకోకుండా చిల్లిగవ్వ కూడా ఇవ్వొద్దు. మా తమ్ముడికి తొందరెక్కువ. నువ్వే ఆపాలి."

"అలాగే వదినా" అంది సన్నమ్మ.

ఆపలేకపోయింది. పాత ఇంటి ఓనరు అప్పటికే పెరటిగోడ పడగొట్టించాడు. అలాంటప్పుడు వచ్చాడు మేనల్లుడు. పేరేమిటో, ఎవరికి మేనల్లుడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఇంటావిడ తనకు మేనత్త అవుతుందనీ, ఆపరేషనై వేరే ఊళ్ళో చెల్లెలి దగ్గర ఉంటోందనీ, వ్యవహారాలన్నీ తనే చూస్తున్నాననీ చెప్పాడు. మంచి చొక్కా, మెత్తటి మాట. మేడమీద వాటా చూపించాడు. ముందుగది, లోపలిగది, రెంటికీ మధ్య వంటిల్లు. కొత్తగా వేసిన సున్నం వాసన. సన్నమ్మ కుళాయి తిప్పింది, నీళ్ళు వచ్చాయి. గోడకు చెయ్యి ఆనించింది, పొడిగానే ఉంది. కరెంటు బిల్లు సంగతి అడిగితే మేనల్లుడు నవ్వి, "అత్తయ్య పేరు మీదే ఉంటుంది కదండీ" అన్నాడు. అది నిజమే. అబద్ధంలో నిజం కలిపితే పాలలో నీళ్ళు కలిపినట్టు, కనిపెట్టడం కష్టం.

"కింద కిరాణా కొట్టాయనని ఒకసారి అడుగుదామా?" అంది సన్నమ్మ మొగుడి చెవిలో.

"అడుగుతూ కూచుంటే ఇంకొకడు తన్నుకుపోతాడు" అన్నాడు మొగుడు. ఉన్నదంతా ఊడ్చి, వ్యాను ఓనరు దగ్గర జీతం ముందుగా తీసుకుని అడ్వాన్సు ఇచ్చేశాడు. కాగితం అత్తయ్య వచ్చాక రాసుకుందామన్నాడు మేనల్లుడు. తాళంచెవి మాత్రం అప్పుడే చేతిలో పెట్టాడు. చేతిలో తాళంచెవి పడగానే మనిషికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది.

సామాను దించిన రోజున తాళం చక్కగా తెరుచుకుంది. మంచం, బీరువా పైకెక్కించి మొగుడు గోడకానుకుని రొప్పుతున్నాడు. అప్పుడు కింద ఒక ట్రాలీ బండి ఆగింది. అందులోంచి ఒక నడివయసు ఆవిడ దిగింది. వెనక ఒక ముసలాయన దిగాడు. దిగీదిగకముందే దగ్గాడు. ఆవిడ గబగబా మెట్లెక్కి వచ్చి, తెరిచి ఉన్న తలుపు చూసి ఆగింది. చేతిలో తాళంచెవి ఉంది.

"మీరెవరండీ?" అంది సన్నమ్మ.

"మీరెవరు?" అంది ఆవిడ. "ఈ ఇల్లు మేం తీసుకున్నాం."

మొదట అందరూ నవ్వారు. ఏదో పొరపాటు జరిగిందనుకున్నారు. మొగుడు మేనల్లుడికి ఫోను చేశాడు, కట్టేసి ఉంది. ఆవిడ చేసింది, కట్టేసి ఉంది. ఆవిడ తన తాళంచెవిని తాళంలో పెట్టి తిప్పి చూసింది. అదీ తిరిగింది. దాంతో నవ్వు ఆగిపోయింది.

ఆవిడ ఒక నర్సింగ్ హోములో ఆయా. మొగుడు లేడు. తండ్రిని తన దగ్గరే పెట్టుకుని చూసుకుంటోంది. ఆవిడ కూడా ఉన్నదంతా మేనల్లుడి చేతుల్లో పోసింది. రెండు ఇళ్ళవాళ్ళూ కలిసి పోలీసు స్టేషనుకు వెళ్ళారు. అక్కడి హెడ్ కానిస్టేబులు ఓపిగ్గా విని, ఓపిగ్గా సలహా చెప్పాడు. "ఓనరెవరో చూసుకోవాలి కదమ్మా. రసీదు తీసుకోవాలి కదా. చదువుకున్నవాళ్ళే మోసపోతున్నారు, మీరింకా జాగ్రత్తగా ఉండాలి." కింద కిరాణా కొట్టాయన, "నన్నొక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి కదండీ. వాడు వచ్చి నెల కూడా కాలేదు, వాడూ అద్దెకే ఉన్నాడు" అన్నాడు. వదినకు ఫోను చేస్తే, "కాగితం రాసుకున్నారా?" అని ఒక్కటే అడిగింది. ఆ ప్రశ్న తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోమని చెప్పడానికి వీధివీధంతా సిద్ధంగా ఉంది. ఆకులు అందరి దగ్గరా ఉన్నాయి, ఇల్లు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఎవరూ కదలలేదు. కదలడానికి చోటు లేదు. సన్నమ్మవాళ్ళు ముందుగదిలో, ఆయా, పెద్దాయన లోపలిగదిలో సర్దుకున్నారు. వంటింట్లో మొగుడు సుద్దముక్కతో నేల మీద ఒక గీత గీశాడు. ఇటు మా పొయ్యి, అటు వాళ్ళ పొయ్యి. కుళాయి ఖర్మకొద్దీ గీత మీదే పడింది. మొదటి రోజుల్లో గిన్నెలు మాట్లాడుకున్నాయి తప్ప మనుషులు మాట్లాడుకోలేదు. ఎవరికి కోపమొస్తే వాళ్ళు గిన్నెను గట్టిగా పెట్టేవారు. ఒకరి చెంచా ఇంకొకరి డబ్బాలో కనిపిస్తే పెద్ద తగాదా అయ్యేది. ఇంట్లోంచి అందరూ బయటికి పోతే అవతలివాళ్ళు తాళం మారుస్తారేమోనని రెండు పక్షాలకూ భయం. పెద్దాయన ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు కాబట్టి ఆ పక్షానికి భయం తక్కువ. "ఆ ముసలాయన మంచం మీద ఉన్నంతకాలం ఇల్లు వాళ్ళదే" అని మొగుడు పళ్ళు నూరేవాడు. పెళ్ళాన్ని పనికి పంపి, తను ట్రిప్పులు మానుకుని కొన్నాళ్ళు కాపలా కూర్చున్నాడు. వ్యాను ఓనరు ఇంకొక డ్రైవరును చూసుకుంటానన్నాక కాపలా మానేశాడు.

ఒక రోజు షెడ్డులో పెద్ద ఆర్డరు పడి సన్నమ్మ ఆలస్యమైంది. మొగుడు ఊరి అవతల ఉన్నాడు. పాప బడి నుంచి వచ్చే వేళ దాటిపోయింది. ఏం చేస్తోందో, మెట్ల మీద కూర్చుని ఏడుస్తోందో అనుకుంటూ సన్నమ్మ పరుగున ఇల్లు చేరింది. లోపలిగదిలో మంచం మీద పెద్దాయన, పక్కన పాప. రొట్టెముక్క పాలల్లో ముంచుకుని తింటోంది. పెద్దాయన నూలు కథ చెబుతున్నాడు. పత్తి మిల్లులో ముప్పాతిక జీవితం పనిచేశాడట. గాలిలో నూలు పీచు మంచులా తేలుతుంటే, పనివాళ్ళ కనుబొమలన్నీ తెల్లబడి, పాతికేళ్ళవాళ్ళు కూడా తాతల్లా కనిపించేవారట. పాప నోరు తెరుచుకుని వింటోంది.

"తిట్టకు అమ్మాయ్" అన్నాడు పెద్దాయన సన్నమ్మను చూసి. "గీత దాటింది నేనే. పాప కాదు."

సన్నమ్మ పాప మూతి కొంగుతో తుడిచింది. "తిన్నావా బాబాయ్?" అంది ఆయనతో. ఆ బాబాయ్ అన్న మాట నోటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

ఆ తరువాత ఒక రోజు షెడ్డులో దబ్బనం సన్నమ్మ వేలిలో దిగింది. పనిలో మామూలే అనుకుని గుడ్డపీలిక చుట్టుకుంది. వేలు కాస్తా ఉబ్బి, చెయ్యంతా సలపరించి, ఒళ్ళు కాలిపోయింది. ఆయా వచ్చి చెయ్యి పట్టుకుని చూసింది. "ఇంకో రెండ్రోజులు ఊరుకుంటే వేలు తీసేయాల్సొస్తుంది. కూచో ఇక్కడ" అంది. నర్సింగ్ హోముకు లాక్కుపోయి, తెలిసిన డాక్టరు చేత కోయించి, కట్టు కట్టించింది. ఆ తరువాత రోజూ డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా ముందు సన్నమ్మ వేలికి కట్టు మార్చేది. చీము తుడుస్తూ మొహం చిట్లించేది కాదు.

"నీకు అసహ్యం వెయ్యదా అక్కా?" అని అడిగింది సన్నమ్మ.

"అసహ్యపడితే మా ఉద్యోగంలో ఒక్క పూట గడవదు చెల్లీ" అంది ఆయా. "మా నాన్న దగ్గుకి మీరు అసహ్యపడలేదుగా."

సన్నమ్మ కాస్త తటపటాయించి అడిగింది. "ఆ దగ్గు ఏమిటక్కా? పాప ఎప్పుడూ బాబాయ్ మంచం మీదే ఉంటుంది. తప్పుగా అనుకోకు."

"తప్పేముంది, తల్లివి" అంది ఆయా. "అది అంటుకునే జబ్బు కాదు. మిల్లులో పీల్చిన పీచు ఊపిరితిత్తుల్లో చేరిపోయింది. మా డాక్టరుగారు ఫోటో తీసి చూశారు. తగ్గదు, పక్కవాళ్ళకి రాదు. పొడిగా, గాలి వచ్చే చోట ఉంచమన్నారు. ఈ ఇల్లు తీసుకుంది అందుకే. ఆ కిటికీ కోసం."

సన్నమ్మ మనసు కుదుటపడింది. ఆ నెల తిరిగేలోపు వంటింటి గీత ఎవరూ తుడవకుండానే చెరిగిపోయింది. ఒకే పొయ్యి వెలిగేది. మొగుడు కూడా పెద్దాయనకు మందులు తెచ్చిపెట్టడం, ఆయాను అక్కయ్యా అనడం అలవాటు చేసుకున్నాడు. మేనల్లుడిని తిట్టుకోవడంలో అందరూ ఒక్కటయ్యారు. వాడికి ఏ రోగం రావాలో పెద్దాయన రోజుకొకటి కొత్తగా చెప్పేవాడు, పాప పకపకా నవ్వేది. ఇరుకే, కానీ ఆ ఇరుకులో సన్నమ్మకు చాలాకాలం తరువాత ఒక మనిషి తోడున్నట్టు అనిపించింది.

అప్పుడు అసలు ఇంటావిడ వచ్చింది.

ఆవిడ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. ఆపరేషను చేయించుకున్న మాట నిజమే, చెల్లెలి దగ్గర ఉంటున్న మాటా నిజమే. మేనల్లుడు ఒక్కడే ఉంటానని చెప్పి ఒక్క నెల అద్దె ఇచ్చి దిగాడట. మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుని, కుర్చీలో కూర్చుని అందరి కథా విన్నది. అరవలేదు, పొమ్మనలేదు. చివరికి నిదానంగా అంది.

"మీ తప్పేమీ లేదు. వాడికిచ్చింది మీ దగ్గర మళ్ళీ నేను అడగను. కానీ రెండు కుటుంబాలకి ఈ వాటా ఇవ్వలేను. ట్యాంకులో నీళ్ళు చాలవు, నా ఓపికా చాలదు. ఒక్కళ్ళకే ఇస్తాను. పద్ధతిగా కాగితం రాసి ఇస్తాను. మీలో మీరు తేల్చుకోండి. ఆదివారం మధ్యాహ్నం వస్తాను."

ఆవిడ వెళ్ళాక నలుగురూ నేల మీద కూర్చున్నారు. చీట్లు వేద్దామన్నాడు మొగుడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"చీటీ ఓడినవాడు గెలిచినవాణ్ణి జన్మంతా తిట్టుకుంటాడు బాబూ. ఆవిడ ఇల్లు, ఆవిడ ఇష్టం. ఎవరు కావాలంటే వాళ్ళని ఉంచుకోనీ. ఒక్కటే మాట. మనలో ఎవరూ ఇంకొకరి మీద చెడ్డ చెప్పొద్దు."

"అలాగే బాబాయ్" అంది సన్నమ్మ. మనస్ఫూర్తిగానే అంది.

ఆదివారం పొద్దున్నే మొగుడు ట్రిప్పు మీద వెళ్ళాడు. ఆయాకు మధ్యాహ్నం దాకా డ్యూటీ. పెద్దాయన దగ్గు మందు అయిపోయిందని, కాస్త కాళ్ళు సాగుతాయని మందుల షాపుకు బయలుదేరితే, పాప ఆయన వేలు పట్టుకుని వెంటవెళ్ళింది. సన్నమ్మ ఒక్కతే బట్టలు ఉతుకుతోంది. టీచరమ్మ చెప్పిన వేళకన్నా బాగా ముందే వచ్చింది.

"బస్సు తొందరగా దొరికింది" అంటూ కూర్చుంది. మంచినీళ్ళు తాగి, చుట్టూ చూసి, "ఇల్లు శుభ్రంగా ఉంచుతున్నారు" అంది. గ్లాసు కింద పెట్టింది. "చూడమ్మా, నీ దగ్గర దాచడం ఎందుకు. నేను త్వరలో కింద వాటాకి వచ్చేస్తాను. ఆపరేషనైన ఒళ్ళు. మేడమీద ఒక ఆయా ఉంటే నాకు ధైర్యం. ఆవిడకే ఇద్దామనుకుంటున్నాను. నువ్వు బాధపడకు."

సన్నమ్మ తడిచేతులు తుడుచుకుంటూ నిలబడింది. బాధపడకు అన్న మాట చెవిలో పడింది గానీ, దాని వెనక పాత ఇంటి పెరటిగోడ కూలిన చప్పుడు వినిపించింది. మళ్ళీ ఇళ్ళు వెతకాలి. మళ్ళీ ఎవరో ఒకావిడ పాపను ఎగాదిగా చూస్తుంది. చేతిలో అడ్వాన్సుకు ఏమీ లేదు. వ్యాను ఓనరుకు ఇవ్వాల్సింది ఇంకా తీరలేదు. షెడ్డు మేస్త్రీ ఒకసారి నవ్వుతూ అన్నాడు, కావాలంటే సోఫాల మధ్య పడుకోండని. అది ఇప్పుడు నవ్వులాట అనిపించలేదు.

"ఒక్కటే అనుమానం" అంది టీచరమ్మ. "కింద కొట్టాయన చెప్పాడు, ఆ పెద్దాయన రోజంతా దగ్గుతాడట. అంటుకునే జబ్బేమీ కాదు కదా?"

కాదండీ. రెండు మాటలు కూడా కాదు, ఒక్క మాట. అది నాలుక చివరే ఉంది. సన్నమ్మ చెయ్యి తెలియకుండానే మానిపోయిన వేలును నొక్కుకుంది.

"ఏమోనండీ" అంది. "నాకు తెలీదు."

టీచరమ్మ మొహంలో ఏదో కదిలింది. "తెలీదంటే? ఒకే ఇంట్లో ఉంటున్నారుగా."

"మేం అడగలేదండీ." ఒకసారి జారిన కాలు రెండో మెట్టు దగ్గర ఆగదు. "పాపని మాత్రం లోపలిగదిలోకి వెళ్ళనివ్వను."

ఆ మాట అనే వేళకు పాప పెద్దాయన వేలు పట్టుకుని వీధి చివర వస్తూ ఉండాలి. ఆ సంగతి సన్నమ్మకు తెలుసు. కిటికీలోంచి టీచరమ్మ చూస్తుందేమోనని కొయ్యబారిపోయింది. టీచరమ్మ చూడలేదు. నేలను చూస్తూ, తన పొట్ట మీద ఆపరేషను జరిగిన చోట చెయ్యి వేసుకుంది.

"పాపం, మంచివాళ్ళలాగే ఉన్నారు" అంది. "కానీ నా ఒళ్ళు నేను చూసుకోవాలి కదా."

ఆయా డ్యూటీ దిగి వచ్చాక టీచరమ్మే స్వయంగా చెప్పింది. చిన్నపిల్ల ఉన్నవాళ్ళకి ఇద్దామనుకుంటున్నానని చెప్పింది. దగ్గు మాట ఎత్తలేదు. ఆయా ఎందుకని అడగలేదు. ఇలాంటివి విని విని అలవాటైన మనిషిలా తల ఊపింది. టీచరమ్మ వెళ్ళాక ఆయా సన్నమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలే చెల్లీ. మీకు దక్కింది, అదే చాలు. పాప చదువుకుంటుంది." సన్నమ్మ ఏడ్చింది. తమకోసమే ఏడుస్తోందనుకుని ఆయా ఆమెను ఇంకా దగ్గరికి తీసుకుంది.

మొగుడికి ఆ రాత్రి భోజనాల దగ్గర సంతోషం దాచుకోవడం కష్టమైంది. ఎలా జరిగిందని అడిగితే, "పాపని చూసి ఇచ్చింది" అంది సన్నమ్మ. అతను నమ్మాడు.

ఆయావాళ్ళు ఇల్లు వెతికారు. ఎక్కడికి వెళ్ళినా మాటలు బాగానే మొదలయ్యేవి. ఇంతలో పెద్దాయన దగ్గేవాడు. ఆ తరువాత ఇంటివాళ్ళకు ఇల్లు ముందే అడిగిన చుట్టాలెవరో హఠాత్తుగా గుర్తొచ్చేవారు. చివరికి నర్సింగ్ హోము వెనక, దుప్పట్లు ఉతికే చోటును ఆనుకుని ఉన్న స్టోరు రూములో ఉండనిచ్చారు. సామాను సన్నమ్మ మొగుడే తన వ్యానులో ఊరికే చేరవేశాడు. బండి కదిలాక పాప వీధి మలుపుదాకా వెనక పరిగెత్తి, రొప్పుతూ తిరిగి వచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదు.

టీచరమ్మ అన్న మాట ప్రకారం కాగితం రాసింది. ఇంట్లో ఎవరెవరు ఉంటారో ముగ్గురి పేర్లూ, అద్దె ఎంతో, ఖాళీ చెయ్యాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలో అన్నీ ఉన్నాయి. ఈ ముగ్గురూ తప్ప ఇంకెవరూ ఉండరాదని కూడా ఉంది. వదిన చూడ్డానికి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని కాగితమంతా చదివి, గోడలు తట్టి, కుళాయిలు తిప్పి, "ఇప్పుడు చేశారు మనుషులు చేసే పని" అంది. సన్నమ్మ లోపలిగదిలో నిలబడి కిటికీలోంచి గాలి రావడం చూస్తోంది. ఆ గది ఇప్పుడు వాళ్ళదే. ఎవరూ అందులో పడుకోవడం లేదు.

ఒక రోజు పని ఎగ్గొట్టి స్టోరు రూముకు వెళ్ళింది. చెప్పేద్దామనే వెళ్ళింది. ఉతికే చోటు నుంచి ఆవిరి తలుపు సందుల్లోంచి లోపలికి వస్తోంది. గోడలు చెమర్చి ఉన్నాయి. సబ్బుపొడి డబ్బాలకూ, బ్లీచింగ్ సంచులకూ మధ్య పెద్దాయన మంచం. ఆ వాసనకు ఆరోగ్యంగా ఉన్న సన్నమ్మ గొంతే మండింది. ఆయన బాగా తగ్గిపోయాడు. ఆమెను చూడగానే లేచి కూర్చోబోయి, దగ్గు తెరలో చిక్కుకుని, చేత్తోనే కూర్చోమన్నాడు.

"పాపని తీసుకురాలేదే అమ్మాయ్?"

"బడికి వెళ్ళింది బాబాయ్."

ఆయా టీ ఇచ్చి పక్కన చతికిలబడింది. "నాన్న దగ్గు విని ఇళ్ళవాళ్ళంతా వెనక్కి తగ్గుతుంటే నాకు ఇప్పుడు అర్థమైంది చెల్లీ. ఆ కొట్టాయనే చెప్పుంటాడు టీచరమ్మకి, నాన్నది అంటుకునే దగ్గని. అరువు ఇవ్వనన్నప్పుడు నేనొక మాట అన్నాను, అది మనసులో పెట్టుకున్నాడు. నిన్న దారిలో కనబడితే మొహం వాచేలా చీవాట్లు పెట్టాను."

"ఆయన ఏమన్నాడు?" అంది సన్నమ్మ.

"దగ్గుతాడని చెప్పాను గానీ అంటుకుంటుందని అనలేదు అన్నాడు. దొంగ ఎప్పుడైనా ఒప్పుకుంటాడా?" ఆయా నిట్టూర్చింది. "నువ్వు పక్కనుంటే గట్టిగా చెప్పేదానివి. నాకు తెలుసు."

చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పాలి. నోరు తెరిచింది. పెద్దాయన ఆమెనే చూస్తున్నాడు, మెత్తగా, ఏ అనుమానమూ లేకుండా. సన్నమ్మ టీ గ్లాసు కింద పెట్టి, "వెళ్ళొస్తానక్కా" అంది.

అద్దె తీసుకోవడానికి టీచరమ్మ వచ్చినప్పుడు మాత్రం గుండె రాయి చేసుకుంది. "అమ్మగారూ, ఆ పెద్దాయనది అంటుకునే జబ్బు కాదండీ. మిల్లు పీచు వల్ల వచ్చిందట."

టీచరమ్మ రసీదు రాస్తున్నదల్లా తలెత్తింది. "ఎవరు చెప్పారు?"

"వాళ్ళమ్మాయి. డాక్టరు చూశాడట."

"ఎప్పుడు చెప్పింది?"

సన్నమ్మ చెయ్యి మళ్ళీ ఆ మానిన వేలి మీదికి పోయింది. టీచరమ్మ చాలామంది పిల్లల అబద్ధాలు చూసిన మనిషి. కలం పక్కన పెట్టింది.

"అప్పుడు నీకు తెలుసన్నమాట."

సన్నమ్మ తల దించుకుంది.

"నన్ను కూడా పాపంలోకి లాగావు" అంది టీచరమ్మ. కోపంగా కాదు, అలసటగా. "సరే. ఇప్పుడైనా దిద్దుకోవచ్చు. మీరు ఖాళీ చేస్తారా? వాళ్ళని వచ్చెయ్యమంటాను. వెంటనే వద్దు, ఇల్లు చూసుకునేదాకా గడువిస్తాను."

అవతల వంటింట్లో పాప ఏదో పాడుకుంటూ గిన్నెతో ఆడుకుంటోంది. సన్నమ్మకు స్టోరు రూములోని ఆవిరి గుర్తొచ్చింది, ఆయా చీము తుడిచిన చేతులు గుర్తొచ్చాయి. మొగుడికి ఏం చెప్పాలి? ఎక్కడికి పోవాలి? తొందరపెట్టకుండా టీచరమ్మ ఎదురుచూసింది.

"లేదండీ" అంది చివరికి. "చెయ్యలేమండీ."

టీచరమ్మ కలం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. రసీదు పూర్తిచేసి, చించి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తరువాత కింద వాటాకు వచ్చి ఉన్నా, మెట్ల దగ్గర ఎదురుపడితే పాపను పలకరించేది గాని, సన్నమ్మను పలకరించేది కాదు.

వానలు ముదిరాక పెద్దాయన పోయాడు. ఆయా సన్నమ్మ మొగుడికి ఫోను చేసింది, ఇంకెవరికి చెయ్యాలో తెలియక. ఇద్దరూ వెళ్ళారు. నర్సింగ్ హోము వాళ్ళు నలుగురైదుగురు వరండాలో నిలబడి ఉన్నారు. సన్నమ్మను చూడగానే ఆయా లేచి వచ్చి, మెడ చుట్టూ చేతులు వేసి, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఆమె భుజం మీద ఏడ్చింది. ఈవిడ ఎవరని ఎవరో అడిగారు.

"మా చెల్లెలు" అంది ఆయా.

అన్నీ అయిపోయాక మొగుడూ పెళ్ళాలు ఇంటికి తిరిగి వచ్చారు. కొట్టాయన దుకాణం కట్టేస్తూ, పెద్దాయన పోయాడటగా అని అడిగి, పాపం అన్నాడు. మొగుడు తల ఊపి మెట్లెక్కాడు. సన్నమ్మ మొదటి మెట్టు మీదే కూర్చుండిపోయింది. పైకి ఎందుకు వెళ్ళాలో తోచలేదు.

మొగుడు మధ్యలో ఆగి వెనక్కి చూశాడు. "ఏమైంది? రా. పాప ఒక్కతే ఉంది."

ఆమె గోడ పట్టుకుని లేచి, మెట్లెక్కి లోపలికి వెళ్ళింది. వెళ్ళడానికి ఆమెకు ఇంకో చోటు లేదు.